నూటికి నూరు బతికిన అడవి

పొన్నలంకలో కొల్లాటి తాతబ్బాయి నర్సరీకి గేటు లేదు. మొక్కల దొంగ ఎవడైనా లోపలికి రాగలడేమో గానీ, లోవమ్మ కన్ను కప్పి బయటికి పోలేడని ఊరందరికీ తెలుసు. లోవమ్మ తాతబ్బాయి భార్య. ఐదెకరాల్లో ఏ మడిలో, ఏ వరసలో, ఏ మొక్క మొహం వేలాడేసిందో కాలువ గట్టు మీద నించునే చెప్పేస్తుంది. తాతబ్బాయిది అంటు కట్టే చెయ్యి. ఆ చేతికి ఎంత పేరుందో ఆయన మాటకీ అంత పేరుంది. ఒప్పుకున్న మొక్కని ఒప్పుకున్న కార్తెలో లారీ ఎక్కించకుండా ఇరవై ఆరేళ్ళలో ఒక్క ఏడూ గడవలేదు. ఆయన గర్వమంతా అదే. ఆయనకో బలహీనత కూడా ఉంది, దాని దగ్గరికి ఎలాగూ వస్తాం.

ఆ ఏడు తాటిమెట్ట అనే ఊరి నుంచి నలభై మంది రైతులు కలిసి ఎనిమిది వేల సువర్ణరేఖ మామిడి అంట్లు కావాలన్నారు. తాటిమెట్ట విశాఖ అవతల కొండవారన ఉంది. వానదేవుడు ఏడాదికోసారి దయతలిస్తేనే అక్కడ పంట. వాళ్ళ తరఫున సింహాద్రమ్మ అనే పెద్దావిడ వచ్చి, ప్రతి మడీ తిరిగి, ఆకు తిప్పి చూసి, "ఆరుద్రలో మొక్క దిగకపోతే మాకీ ఏడు లేనట్టే బాబూ" అంది. దిగుతుందన్నాడు తాతబ్బాయి. ఆ మాటతో ఆవిడ వెళ్ళి గోతులు తవ్వించడం మొదలుపెట్టింది.

నర్సరీ మొక్కతో ఉన్న చిక్కేమిటంటే, తను ఒకరింటికి వెళ్ళాల్సిన మొక్కనని దానికి తెలియదు. నల్ల కవరు అడుగున ఉన్న చిల్లుల్లోంచి వేరు బయట పెట్టి, కింద నేలలోకి దిగబోతుంది. అందుకని నెలకోసారి ప్రతి కవరునీ ఎత్తి, బయటికొచ్చిన వేరు తుంచి, కాస్త జరిపి పెట్టాలి. దీన్ని వాళ్ళు ఎత్తుపెట్టడం అంటారు. రెండు నెలలు ఊరుకుంటే మొక్క అక్కడే కాపురం పెట్టేస్తుంది. ఆ తర్వాత పీకితే మొక్క చేతికొస్తుంది గానీ బతకదు.

రోహిణి కార్తె చివర్లో, మామిడి మళ్ళకి ఎత్తుపెట్టే రోజులు దగ్గర పడుతుండగా, హరితాచ్ఛాదన శాఖ జీపు వచ్చి ఆగింది. అందులోంచి జిల్లా జీవనశాతాధికారి పరాంకుశరావు గారు దిగారు.

ఈ ఉద్యోగం ఎందుకు పుట్టిందో చెప్పాలి. ఆ శాఖ ఏటా లక్షల మొక్కలు నాటించేది. నాటినవాటిలో నూటికి ఎన్ని బతికాయో లెక్క తీయడానికి ఒక అధికారి కావలసి వచ్చాడు. కిందటేడు జిల్లాలో నూటికి నాలుగు బతికాయి. ఆ నాలుగులోనూ రెండు పక్కింటివాళ్ళ వేపచెట్లని గిట్టనివాళ్ళు అంటారు. ఈ ఏడు నూటికి తొంభై చూపకపోతే అధికారికే స్థానచలనం తప్పదని రాజధాని నుంచి తాఖీదు వచ్చింది. పరాంకుశరావు గారు కొత్త మొక్కల కోసం వచ్చారు గానీ, ఆయన మొహంలో మాత్రం సామాన్లు కట్టుకుంటున్నవాడి దిగులు ఉంది.

మళ్ళ మధ్య నడుస్తూ నడుస్తూ ఆయన ఆగిపోయారు.

"ఇందులో మృతి చెందినవి ఎన్ని?"

"సచ్చినియ్యి ఎందుకుంటాయండి? పొద్దున్నే ఏరి పారేత్తాం కదండి" అన్నాడు తాతబ్బాయి.

"అనగా ఇచట గలవన్నియు సజీవములే?"

"ఆయ్."

పరాంకుశరావు గారు గట్టు మీద కూలబడ్డారు. జేబులోంచి కాగితం తీసి ఏవో అంకెలు చూసుకున్నారు. కాసేపటికి తల ఎత్తేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"తాతబ్బాయి గారూ! మా గణాంకముల ప్రకారము ఏ మొక్కయు నాటుటకు పూర్వము మరణించుట లేదు. నాటిన పిమ్మటనే మరణించుచున్నది. కావున దోషము మొక్కయందు లేదు. నాటుటయందు కలదు!"

ముప్పై ఏళ్ళుగా మొక్కలు నాటుతున్న శాఖలో ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టిన మనిషి మాత్రం ఆలస్యం చేయలేదు. రాజధాని నుంచి రాబోయే తనిఖీ బృందాన్ని చచ్చిన మొక్కలున్న రోడ్ల వెంట తిప్పడం మానేసి, నేరుగా ఇక్కడికే తీసుకొస్తానన్నారు. అప్పటిదాకా ఒక్క మొక్కనీ కదపొద్దన్నారు.

"అదెలా కుదురుద్దండి? ఎత్తుపెట్టే రోజులు దాటిపోతన్నాయి" అంది లోవమ్మ.

"ఒక్క పది దినములు. ఆపై తమ భర్తగారికి వనసంరక్షక శిరోమణి అను బిరుదు, యోగ్యతాపత్రము సభాముఖమున ప్రదానము చేయబడును."

ఇదిగో, తాతబ్బాయి బలహీనత దగ్గరికి వచ్చేశాం. ఆయనకి యోగ్యతాపత్రాలంటే ప్రాణం. ఐదో తరగతిలో ఆటల పోటీలో వచ్చినదాన్ని ఇప్పటికీ అద్దం కట్టించి గోడకి పెట్టుకున్నాడు. పక్కన ఇంకోదానికి చోటు కూడా వదిలి ఉంచాడు. నలభై ఏళ్ళుగా ఆ చోటు ఖాళీగా ఉంది.

"పది రోజులే కదా లోవా" అన్నాడు.

లోవమ్మ ఆయన మొహంలోకి చూసి, నీళ్ళ గొట్టం చుట్టుకుని వెళ్ళిపోయింది.

బృందం వచ్చింది. లెక్కపెట్టింది. నూటికి నూరు అని రాసుకుంది. వాళ్ళలో ఒకాయన మాత్రం మొక్కలు కవర్లలో ఉన్నాయేమిటని అడిగాడు. అవి వేరు రక్షణ కవచములని పరాంకుశరావు గారు జవాబిచ్చారు. తాతబ్బాయికి శాలువా కప్పారు, చేతిలో యోగ్యతాపత్రం పెట్టారు. ఆ ఆనందంలో ఉండగానే మూడు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. ఆయన ఒక్కటీ చదవలేదు. అద్దం కట్టేవాడి దుకాణం ఎప్పటిదాకా తెరిచి ఉంటుందా అని ఆలోచిస్తున్నాడు.

ఆ సంతకాల పుణ్యమా అని మర్నాడే నర్సరీ ముందు ఆకుపచ్చ బోర్డు లేచింది. 'నవీన రక్షిత వనము, నంబరు ఒకటి. వృక్షములను కదిలించుట, కోయుట, తరలించుట శిక్షార్హము.' బోర్డుతో పాటు ఏసుపాదం అనే వనరక్షకుడు కూడా వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. రోజూ పొద్దున్న వృక్షాలని లెక్కపెట్టాలని అతనికి ఆజ్ఞ. ఎనిమిది వేల మామిడి వృక్షాలు అతని మోకాలి దాకా వచ్చేవి. వంగి వంగి లెక్కపెడుతుంటే మధ్యాహ్నమయ్యేది. ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పేది. మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఆరుద్ర వచ్చింది. తాటిమెట్టకి బయల్దేరాల్సిన మొదటి లారీ వచ్చింది. తాతబ్బాయి ఒక మొక్క అందుకుని లారీ మీదికి చేయి చాచాడు. ఏసుపాదం పరుగెత్తుకొచ్చి ఆ మొక్కని రెండు చేతులా పట్టుకున్నాడు.

"తాతబ్బాయి గారూ, తప్పుగా అనుకోకండి. ఇది కలప దొంగతనం కిందకి వత్తాదండి."

"కలపేంటయ్యా! ఇది నేను కట్టిన అంటు!"

"అదొకటండి. సెట్టుని కత్తితో గాయపరిచినట్టు ఒప్పుకున్నట్టేనాండి?"

లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి. తాతబ్బాయి ఆ పూట అన్నం తినలేదు. సిగ్గుతో గోడ మీది కొత్త యోగ్యతాపత్రం వైపు చూడలేకపోయాడు.

మర్నాడు జిల్లా ఆఫీసుకి వెళ్ళి పరాంకుశరావు గారి కాళ్ళ మీద పడినంత పని చేశాడు. ఆయన ఎంతో మర్యాదగా కుర్చీ వేయించారు.

"తరలింపునకు మార్గము లేకపోలేదు. తరలించు ప్రతి వృక్షమునకు ప్రతిగా పది మొక్కలు ముందుగా నాటవలెను."

"నాటేత్తానండి. ఎనభై వేలైనా సరేనండి."

"ఆ మొక్కలు గుర్తింపు పొందిన నర్సరీ నుండి మాత్రమే సేకరింపవలెను."

"మా మండలంలో గుర్తింపు ఉన్నది నాదొక్కటేనండి."

"ఉండెడిది" అని సరిదిద్దారు అధికారి. "ప్రస్తుతమది వనము కదా. వనము నుండి మొక్క తీయవలెనన్న, ప్రతిగా పది మొక్కలు ముందుగా..."

తాతబ్బాయి లేచి నించున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చి ఆగాడు. "పోనీ నీళ్ళన్నా పెట్టుకోనివ్వండి. నిన్నటి నుంచి గొట్టం కూడా ముట్టుకోనివ్వట్లేదు మీ ఏసుపాదం."

"వనమునకు గొట్టముతో నీరు పెట్టుట ఎచటనైనను కలదా? వనము వర్షాధారము."

"పెట్టకపోతే సచ్చిపోతాయండి."

చావు మాట వినగానే అధికారి తుళ్ళిపడ్డారు. నూటికి నూరు కళ్ళ ముందు తిరిగింది. చాలాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి, గుమాస్తాని పిలిచి ఉత్తర్వు చెప్పి రాయించారు. "గొట్టమును తలకన్న ఎత్తున పట్టుకొని, నీరు ఆకాశము నుండి పడునట్లు చేసిన యెడల, అట్టి నీటిని వర్షముగా పరిగణింపవలెను. వనమధ్యమున వర్షమాపకము నెలకొల్పి, పడిన వర్షమును ఏ పూటకా పూట రిజిస్టరులో నమోదు చేయవలెను." కింద నిండుగా సంతకం చేశారు. తర్వాత ఆయనే స్వయంగా వచ్చి మామిడి మడి నడుమ వర్షమాపకం పాతించారు.

అలా లోవమ్మ పొన్నలంకకి వానయింది. పొద్దున్న ఏడింటికి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకి ఒకసారి కురిసేది. చేతులు పడిపోతుంటే మధ్యలో చీర చెంగుతో మొహం తుడుచుకునేది. అప్పుడు వాన కాస్త తెరిపిచ్చినట్టు ఏసుపాదం రాసుకునేవాడు. అతను రబ్బరు కోటు వేసుకుని వచ్చి, వర్షమాపకంలోకి తొంగి చూసి, పూటకి రెండు సెంటీమీటర్లు అని నిజాయితీగా నమోదు చేసేవాడు. పక్క మళ్ళు నెర్రెలు విచ్చుతుంటే పొన్నలంక అడవిలో మాత్రం వర్షపాతం క్రమం తప్పలేదు.

తాటిమెట్టలో మాత్రం నిజం వానే పడింది. సింహాద్రమ్మ ఫోను చేసింది.

"గోతులు తవ్వీసినాం బాబూ. వాన పడిపోనాది. మేకలు గోతుల్లో పడతన్నాయి గానీ మొక్కలు రాలేదేటి?"

"వత్తన్నాయమ్మా" అన్నాడు తాతబ్బాయి.

"నువ్వు వత్తాయంటే వత్తాయిలే" అని ఆవిడ పెట్టేసింది. తిట్టి ఉంటే ఆయనకి కొంచెం నయంగా ఉండేది.

మర్నాడు తెల్లారుతూనే మడిలోకి వెళ్ళి, ఏసుపాదం రాకముందే ఒక కవరు అంచు మెల్లగా పైకెత్తి చూశాడు. అడుగు చిల్లులోంచి తెల్లటి వేరు కొన అంగుళం మేర నేలలో దిగి ఉంది. పక్కదీ అంతే. ఆ పక్కదీ అంతే. రెండో ఎత్తుపెట్టు కూడా తప్పితే, పునర్వసు దాటేసరికి ఎనిమిది వేలూ ఇక్కడే పాతుకుపోతాయి. అప్పుడది నిజంగానే అడవి. ఇరవై అడుగుల చెట్లుగా ఎదగాల్సిన మామిడి, జానెడు ఎడంలో ఒకదాన్నొకటి తొక్కుకుని చచ్చే అడవి. తాతబ్బాయి మడిలో చతికిలబడి, పెద్దవాడినన్న సంగతి కూడా మరిచిపోయి ఏడ్చాడు.

వానకి సమయమైందని గొట్టం పట్టుకుని వచ్చిన లోవమ్మ ఆయన్ని చూసింది. 'పది రోజులే కదా' అన్నది గుర్తు చేయలేదు. గొట్టం పక్కన పడేసి, నేరుగా ఏసుపాదం కూర్చునే చెక్క పెట్టె దగ్గరికి వెళ్ళింది.

"ఏసుపాదం తమ్ముడూ, మీ రూల్సు పుస్తకం ఓసారి ఇస్తావా?"

రక్షిత వనాల నిర్వహణ నిబంధనావళి నూట పన్నెండు పేజీలు. లోవమ్మ ఏడో తరగతి దాకా చదివింది. మామిడి మొక్కలో పురుగు వెతికినట్టు వెతికింది. నిప్పు గురించి చదివింది, ఏనుగుల గురించి చదివింది. పొన్నలంకలో ఏనుగు దొరకదని వదిలేసింది. మూడో రోజు సాయంత్రం వాన కురిపిస్తూ కురిపిస్తూ ఆగిపోయింది.

"ఏవండీ, ఇటు రండి. ముప్పై ఎనిమిదో నిబంధన. మీరు సదవండి, నా సేతులు తడిగా ఉన్నాయి."

తాతబ్బాయి పైకి చదివాడు. "వరుసగా మూడు దినములు దినమునకు ఇరువది సెంటీమీటర్లకు మించి వర్షము నమోదైన యెడల ఆ వనమును వరద ముంపు ప్రాంతముగా ఎంచి, ఎవరి అనుమతికిని వేచియుండక, వనమందలి సమస్త జీవులను తక్షణము ఎత్తైన మెట్ట ప్రాంతమునకు తరలింపవలెను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాలా రోజుల తర్వాత తాతబ్బాయి మొహంలో నవ్వు కనిపించింది.

మర్నాడు పొన్నలంకలో వాన గట్టిగా పట్టుకుంది. లోవమ్మ వర్షమాపకం పక్కనే నించుని ఎంతకీ కదల్లేదు. చెయ్యి నొప్పెడితే తాతబ్బాయి అందుకున్నాడు. ఏసుపాదం రబ్బరు కోటులో నించుని గాజు గొట్టం నిండటం, ఒంపడం, మళ్ళీ నిండటం చూశాడు.

"అక్కా, వాన అంతా ఇక్కడే పడతందేంటి?"

"వాన కదా తమ్ముడూ. ఒక్కోసోట అలా పట్టుకుంటాది. మనం అడగ్గలమా?"

ఏసుపాదం అడగలేదు. రోజూ ఎనిమిది వేల మొక్కలు వంగి లెక్కపెట్టినవాడికి వాటి మీద కాస్త మమకారం పుట్టకుండా ఉండదు. కొన్నింటికి పేర్లు కూడా పెట్టుకున్నాడు. ఇరవై రెండు సెంటీమీటర్లు అని రాసి, కింద సంతకం పెట్టాడు. రెండో రోజు ఇరవై నాలుగు. మూడో రోజు పొద్దు వాలకముందే ఇరవై ఒకటి. రిజిస్టరు మూసి, రూల్సు పుస్తకం తెరిచి, గొంతు సవరించుకున్నాడు.

"తాతబ్బాయి గారూ, ఈ వనం వరద ముంపులో ఉందండి. తమరు సంరక్షక శిరోమణి. సమస్త జీవుల్నీ తక్షణం మెట్టకి తరలించాలండి. తరలించకపోతే శిక్షార్హమండి."

"ఏ మెట్టకంటావు?"

"తమరికి తెలిసిన మెట్ట ఏదైనా ఉందాండి?"

ఊరు ఊరంతా కదిలింది. నాలుగు లారీలు వచ్చాయి. ఆడవాళ్ళు వరసగా నించుని కవర్లు ఎత్తి, దిగిన వేరు మెల్లగా విడిపించి, చేతి నుంచి చేతికి అందించారు. సగం మొక్కలకి వేరు అప్పటికే చిటికెనవేలంత దిగింది. ఇంకో వారం ఆలస్యమైతే తెగేది. ఏసుపాదం ప్రతి లారీకీ 'వరద బాధితులు' అని చీటీ అంటించాడు. ఆఖరి లారీలో తనూ ఎక్కాడు. అతనూ సమస్త జీవుల్లో ఒకడే కదా.

నాలుగు రోజులకి సింహాద్రమ్మ ఫోను వచ్చింది. "ఎనిమిది వేలూ దిగిపోనాయి బాబూ. మీ ఏసుపాదం మాతో కూడా గోతులు కప్పినాడు. వాన మీద వాన. చిగురు పట్టీసింది." తాతబ్బాయి ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, ఆవిడ పెట్టేశాక కూడా కాసేపు వింటూ కూర్చున్నాడు. కడుపు నిండిపోయింది.

ఆ మధ్యాహ్నమే హరితాచ్ఛాదన శాఖ జీపు వచ్చింది. వరద నష్టం అంచనా వేయడానికి పరాంకుశరావు గారు దిగారు. రిజిస్టరు ప్రకారం మోకాలి లోతు నీరుండాలి గనక ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచారు. బూట్లు ఒక చేతిలో, గొడుగు ఒక చేతిలో పట్టుకున్నారు. గట్టు దిగి, ఖాళీ మడిలో జాగ్రత్తగా అడుగు తీసి అడుగు వేస్తూ నడిచారు. పాదాలకి దుమ్ము అంటుకుంది. వర్షమాపకం దగ్గర ఆగి చుట్టూ చూశారు. పక్క పొలాల్లో నెర్రెలు. ఎక్కడా చుక్క తడి లేదు.

"తాతబ్బాయి గారూ" అన్నారు. ఆయన గొంతులో శాఖాభాష కొంచెం జారిపోయింది. "వరద ఏదండీ?"

ఇది వరద కాదని ఆయన ఒక్క ముక్క రాస్తే చాలు. తాటిమెట్టలో నాటిన ఎనిమిది వేలూ పీకి మళ్ళీ ఇక్కడికి తేవాలి. ఏం చెప్పాలో తాతబ్బాయికి తోచలేదు.

లోవమ్మకి తోచింది. గూట్లోంచి ఉత్తర్వు తీసుకొచ్చి అధికారి చేతికిచ్చింది. 'అట్టి నీటిని వర్షముగా పరిగణింపవలెను.' కింద నిండుగా సంతకం. ఆయనదే.

"మధ్యాహ్నం కాస్త తెరిపిచ్చిందండి" అని, వంగి గొట్టం అందుకుంది. "మళ్ళీ పట్టుకునేలా ఉంది. సూత్తారాండి?"

పరాంకుశరావు గారు తన సంతకం వైపు చూశారు. ఇది వాన కాదంటే, నెలరోజులుగా రక్షిత వనంలో గొట్టంతో నీళ్ళు పెట్టించినది తనే అవుతారు. వానంటే వరద అవుతుంది. లోవమ్మ గొట్టాన్ని తలకన్న ఎత్తుకి ఎత్తింది. నీళ్ళు ఆకాశం నుంచి పడడం మొదలయ్యాయి.

పరాంకుశరావు గారు గొడుగు విప్పారు.